దర్గాలో ఖవ్వాలీ వినడానికి ఉర్దూ రావాలా?

ఉర్దూ, ఫారసీ రాని తెలుగువారికి దర్గాలో ఖవ్వాలీ వింటే ఏమైనా అందుతుందా, వేదిక మీది కచేరీకీ దానికీ తేడా ఏమిటని అడిగారు. నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాలో గురువారం సాయంత్రాలు చాలాకాలంగా వింటున్నవాడిగా చెబుతున్నాను, తప్పక అందుతుంది. అయితే పాడేవారి గొంతుతోపాటు వారి చూపు ఎవరి మీద నిలిచిందో కూడా గమనించాలి.

ఒక సాయంత్రం మధ్యయుగపు ఢిల్లీ కవి అమీర్ ఖుస్రోదిగా చెప్పుకొనే ఒక హిందవీ (పాతకాలపు హిందీ) పాదం సాగుతుండగా, ముందు వరుసలోని ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని కుడిచెయ్యి మెల్లగా పైకెత్తారు. తర్వాతి చరణానికి వెళ్ళబోతున్న ముఖ్య గాయకుడు అది చూసి అక్కడే ఆగి, అదే పాదాన్ని మళ్ళీ అందుకున్నారు. వెనకవారి చప్పట్లు బిగిశాయి, ఢోలక్ దెబ్బ బరువెక్కింది, పాదం మారకపోయినా ప్రతిసారీ వేరే మాట మీద స్వరం విరుస్తూ పాడారు. దీన్ని తక్రార్ అంటారు. వినేవారు ఆ తన్మయ స్థితిలో ఉన్నంతసేపూ పాదాన్ని వదలకూడదన్నది చిష్తీ అనే సూఫీ సంప్రదాయంలో గట్టి నియమం. 1235లో ఢిల్లీలో చిష్తీ గురువు ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ ఒక ఫారసీ ద్విపద వింటూనే ప్రాణం విడిచారని ఆ సంప్రదాయంవారు నేటికీ స్మరించుకుంటారు. పెద్దాయన తేరుకుని, ఒక నోటును రెండు చేతులా పట్టుకుని సభాపెద్ద అయిన పీర్‌కు (సూఫీ గురువుకు) సమర్పించాక, అది గాయకుల ముందుకు చేరింది. అప్పుడే పాట ముందుకు కదిలింది.

వేదిక మీద ఇది కుదరదు, ఎందుకంటే అక్కడ సమయమూ పాటల వరుసా ముందే నిర్ణయమై ఉంటాయి. చిష్తీ మెహఫిల్‌లో, అంటే పాటల సభలో, ప్రవక్త వాక్కు మీద కట్టిన ఖౌల్‌తో మొదలుపెట్టి, ఖుస్రోదిగా చెప్పే రంగ్ అనే పాటతో ముగించడం ఆనవాయితీ గాని, నడుమ ఏది పాడాలో సభను బట్టి అప్పటికప్పుడు తేల్చుకోవలసిందే. ఒక కవిత నడుస్తుండగా అదే భావమున్న మరో కవి ద్విపదను తెచ్చి ముడివేసి, మళ్ళీ మొదటిదానికి తిరిగి రావడాన్ని గిరహ్ అంటారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసేది ఈ విద్యే; ఎన్నో ద్విపదలు నాలుక చివర లేనిదే అది సాధ్యం కాదు. అందుకే పిల్లలు చిన్ననాటినుంచే వెనక వరుసలో చప్పట్లు కొడుతూ నేర్చుకుంటారు.

ఈ విద్యకు హైదరాబాదులో లోతైన వేళ్ళున్నాయి. బహదూర్ షా జఫర్ కొలువులో పాడిన తాన్‌రస్ ఖాన్ 1857 తర్వాత ఢిల్లీ విడిచి, తర్వాతి కాలంలో నిజాం ఆశ్రయానికి వచ్చారు. ఆ పరంపరలోని అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ దక్కింది. ఆయన మనవలు నసీర్, నజీర్ వార్సీ సోదరులుగా ప్రసిద్ధులు. అయితే దర్గాల్లో పాడే చాలామందికి బిరుదులు లేవు, వచ్చిన నజరానానే (శ్రోతలిచ్చే కానుకనే) బృందమంతా పంచుకుంటుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు తల మీద రుమాలు వేసుకుని, గాయకులూ పీర్ ఇద్దరూ కనబడేచోట కూర్చోండి. అర్థం కాని పాదం గురించి పాట ముగిశాక పక్కవారిని అడగండి. నాకు తెలిసిన ఫారసీ చాలావరకు అలా అడిగి తెలుసుకున్నదే. లేచి వచ్చే ముందు మీకు తోచిన నజరానా ఇవ్వండి.