పద్యం నడవాలంటే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పద్యాలు చూశాను. అక్షరాల గుంపులైన గణాలు ఎక్కడా తప్పలేదు, యతిప్రాసలు కుదిరాయి. అయినా పైకి చదివితే నడక రావడం లేదని బాధపడ్డావు. గురులఘువుల, అంటే పొడుగు, పొట్టి అక్షరాల గుర్తులు ముందే గీసుకుని వాటికి మాటలు వెతుకుతున్నావమ్మా, ఇబ్బంది అక్కడే ఉంది. లయ ముందు చేతికీ కాలికీ పట్టుబడాలి. గుర్తులు తర్వాత పెట్టుకోవచ్చు.

ముత్యాలసరంతో మొదలుపెట్టు. 1910లో గురజాడ చేపట్టిన ఈ ఛందస్సు మూడు, నాలుగు మాత్రల జంటలతో సాగుతుంది. లఘువు పలికే కాలం ఒక మాత్ర, గురువుకు రెండు. సంగీతంవాళ్లు మిశ్రగతి అనేది ఈ నడకనే. 'తకిట తకధిమి, తకిట తకధిమి' అంటూ ప్రతి ముక్క మొదట్లో తొడమీద దెబ్బ వెయ్యి. చెయ్యి ఆపకుండా ఈ పాదం చదువు: 'వాన వెలిసిన వేళ కోయిల'. నోరూ చెయ్యీ కలిసే పోతాయి. ఇప్పుడు 'వాన' తీసేసి 'వర్షం' పెట్టు. అర్థం అదే, అక్షరాలూ రెండే. కానీ సంయుక్తాక్షరం ముందున్న 'వ' గురువైంది, సున్నతో 'ర్షం' కూడా గురువే. మూడు మాత్రల చోట నాలుగొచ్చి కూర్చున్నాయి. 'వెలిసిన' మొదట్లో పడాల్సిన దెబ్బ 'ర్షం' మధ్యలో పడుతుంది. ఆ తడబాటు లెక్క వేయకుండానే నీ అరచేతికి తెలిసిపోవాలి. అది తెలిసేదాకా వేరే ఛందస్సు జోలికి పోవద్దు.

గురులఘువుల వరుస మారకుండా నడిచే వృత్తాలకు వచ్చాక, ఉత్పలమాల గణాలు భరనభభరవ, చంపకమాల గణాలు నజభజజజర అని విడివిడిగా బట్టీ పట్టకు. అలా వల్లిస్తే రెండింటికీ ఉన్న చుట్టరికం కనబడదు. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొట్టు, చంపకమాల వచ్చేస్తుంది. మిగతా పాదమంతా ఒక్కటే. అందుకే అక్షరాలు 20 కాస్తా 21 అయ్యాయి, పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన యతిస్థానం 10 నుంచి 11కి జరిగింది. మాత్రలు మాత్రం రెండింటిలోనూ 28. గదిలో అటూ ఇటూ నడుస్తూ చదివి చూడు: మొదటి అడుగు నిలిపి వేస్తే ఉత్పలం, దాన్నే రెండు చిన్న అడుగులు చేస్తే చంపకం. శార్దూలం, మత్తేభం అనే మరో రెండు వృత్తాలకు ఉన్న తేడా కూడా సరిగ్గా ఇదే. ఛందస్సులో నాకు ఇంతకంటే ముచ్చటైన సంగతి మరొకటి లేదు.

సంగీతం కూడా నేర్చుకుంటున్నావు కాబట్టి మాటల దగ్గర జాగ్రత్త. పద్యంలో లఘువంటే ఒక మాత్ర. ఆదితాళంలో లఘువు ఒక దెబ్బ, మూడు వేళ్లు కలిపి నాలుగు అక్షరకాలాలు. తర్వాత రెండేసి అక్షరకాలాల ద్రుతాలు రెండు వేస్తే ఆవృత్తానికి, అంటే తాళం ఒక చుట్టుకి, ఎనిమిది. తెలుగు పద్యంలో యతి అక్షరమైత్రి, అక్కడ గొంతు ఆగనక్కర్లేదు. తాళంలో యతి అంటే ముక్కల అమరిక. గోపుచ్ఛయతిలో అవి తగ్గుతూ పోతాయి, స్రోతోవహలో పెరుగుతూ వస్తాయి. ఎవరి దగ్గర కూర్చుంటే వాళ్ల అర్థంలోనే విను.

నాడిని తాళంగా పెట్టుకుని చదవొచ్చా అని అడిగావు. వద్దు. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు వేళ్లు ఆనించి కాసేపు కూర్చో. ఊపిరి పీల్చేటప్పుడు నాడి కాస్త తొందరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. నీ వయసువాళ్లలో అది బాగానే తెలుస్తుంది. కాబట్టి దాన్ని నమ్ముకుని కాలం నిలపలేవు. దానికంటే ఊపిరి చూసుకో. పాదం ఎత్తుకోకముందే నిండా పీల్చు, సమాసం మధ్యలో తెగనివ్వకు. కాలం పరుగెత్తుతోందేమో చూసుకోవడానికి టిక్కుటిక్కుమని కాలం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుంటే తప్పులేదు. రాగం తీస్తూ పద్యం చదివేటప్పుడు మాత్రం కట్టెయ్యి.

కందపద్యం ఇప్పుడే వద్దు. బేసిగణాల్లో జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు, ఆరో గణం జగణమో నలమో (నాలుగు లఘువులు) కావాలి. చెయ్యి కుదిరాక ఆ నియమాలు వాటంతటవే లొంగుతాయి.

ఈసారి ముత్యాలసరాలు రెండు రాసి పంపు. గుర్తులు పెట్టకుండా, నువ్వు పైకి చదివింది రికార్డు చేసి పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న