పరకాల పాత ఇల్లు: కూలగొట్టకండి, వెనుక కలుపుకోండి

అన్నా, తాతల నాటి భవంతి ఇంటికి (నడుమ ఆకాశం కనిపించే వాకిలి ఉండే మట్టి గోడల ఇల్లు) సిమెంటు పూత వేయించాక గోడలు కింద రెండడుగులు చెమ్మెక్కి పెచ్చులు రాలుతున్నాయని, రెండు గదులు, బాత్రూం కావాలంటే మొత్తం పడగొట్టి స్లాబు వేద్దామని మేస్త్రీ అంటున్నాడని రాశారు. దయచేసి ఒప్పుకోకండి.

తప్పు గోడది కాదు, పూతది. మట్టి గోడ నేలలోంచి తడి పీల్చి గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి లోపలే నిలిచి మట్టిని మెత్తబరుస్తుంది. ఆ పూతను మెల్లగా, గట్టి దెబ్బలు తగలకుండా తీయించండి. ఒక ఎండాకాలమంతా గోడను ఆరనివ్వండి. ఆ తర్వాత సున్నం, ఇసుకతో పలుచగా రెండు మూడు పూతలు, ఒకటి గట్టిపడ్డాకే ఇంకొకటి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నిదానంగా రాయవుతుంది, తొందరపెడితే పగులుతుంది. పైన ప్లాస్టిక్ పెయింటు వద్దు, వెల్ల చాలు. చూరు నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా బయటికి వాలు ఇవ్వండి, సగం చెమ్మ దానితోనే పోతుంది.

కొత్త గదులు పెరట్లో విడిగా కట్టి చిన్న వసారాతో కలపండి. మీది నల్లరేగడి కదా, వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కొత్త గోడను పాతదానిలోకి అతికిస్తే రెండూ వేర్వేరుగా కదిలి పగుళ్లొస్తాయి. మధ్య అంగుళం సందు వదిలి, పైన వాన దిగకుండా రేకు మడతతో కప్పండి. పునాదిని గట్టి నేల తగిలేదాకా తవ్వించాలి.

నడిమి వాకిలిని మాత్రం రేకులతో మూయకండి, ఇంటి వేడంతా పోయేది అటే. కప్పుకు కావాల్సిన గూనపెంకలు పక్క ఊళ్లలో ఇళ్లు కూలగొట్టే చోట అడిగితే దొరుకుతాయి.

దూలాలు గోడలో దిగే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. సులువుగా దిగిపోతే ఫోటో పెట్టండి, ఏ ముక్క మార్చాలో చెప్తాను.