కుక్క కరిచిన గేదెకు ఇప్పుడు టీకా వేయిస్తే ఉపయోగం ఉంటుందా?

గేదెను వీధికుక్క కరిచి రెండు రోజులైందనీ, ఇప్పుడు టీకా పనిచేస్తుందా, పాలు వాడుకోవచ్చా అనీ మీరు అడిగారు. ఈ రోజే వేయించండి. రేబిస్ వైరస్ గాయం నుంచి నరాల వెంట మెదడుకు చేరడానికి సాధారణంగా వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కనుక, ఆ లోపల టీకాకు వ్యవధి దొరుకుతుంది. కాటు మూతి మీద పడితే మాత్రం ఆ వ్యవధి తగ్గిపోతుంది. చేతికి తొడుగులు వేసుకుని గాయాన్ని సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, పశువైద్యుని పిలవండి. కాటుపడిన పశువుకు సాధారణంగా 0, 3, 7, 14, 28 రోజుల లెక్కన సూదులు వేస్తారు. లక్షణాలు లేనంతవరకు పాలు బాగా మరగబెట్టి వాడుకోవచ్చు, పచ్చిపాలు వద్దు; లక్షణాలు కనిపిస్తే పాలు పారబోయవలసిందే.

టంగుటూరు దగ్గర మా ఊళ్ళో ఆరేళ్ళ క్రితం మేము చేసిన పొరపాటు చెబుతాను. మా పడ్డ (ఇంకా ఈనని గేదె) కుడితి ముట్టడం మానేసి, చొంగ కారుస్తూ, బొంగురుగా అరుస్తుంటే, గొంతులో తాటిటెంక అడ్డుపడిందనుకుని మా నాన్న నోట్లో చెయ్యి పెట్టి వెతికారు. ఆ చేతికి అంతకుముందే చిల్లకంప గీరుకుని ఉంది. రేబిస్ సోకిన గొడ్డు అచ్చం గొంతుకు ఏదో అడ్డుపడినట్టే కనబడుతుందని పశువైద్యుడు వచ్చి చెప్పేదాకా మాకు తెలియదు. మూడో రోజున ఆ పడ్డ చనిపోయింది. నాన్నను ఒంగోలు తీసుకువెళ్దామంటే, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటూ ససేమిరా కదలలేదు. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన ఆ పాత మందును మన దేశంలో 2005 నాటికే ఆపేశారనీ, ఇప్పుడు సూది భుజానికేననీ నచ్చజెప్పేసరికి ఒక పూట గడిచింది. చేతికి గాయం ఉన్నందున గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే, ముందే తయారైన ప్రతిరక్షకాల మందు) కూడా ఎక్కించారు. ఆయన ఈనాటికీ గొడ్ల చావిడిలోనే పడుకుంటున్నారు.

కాటు పడ్డాక పరుగెత్తడం కంటే కుక్కలకు ముందే టీకాలు వేయించడం చవకనే మాట నాకు అప్పుడే అర్థమైంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే వైరస్ ఒకదాని నుంచి మరొకదానికి పాకే దారి తెగిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఈ పద్ధతిలోనే పనిచేసిన గోవాను 2021లో రేబిస్ అదుపులో ఉన్న ప్రాంతంగా ప్రకటించారు. అయితే వీధికుక్కల ఆయుష్షు తక్కువ, పిల్లలు ఏటా పుడుతూనే ఉంటాయి కాబట్టి, నిరుడు వేయించాం కదా అంటే కుదరదు. మా ఊళ్ళో కుక్కలకు టీకాలు వేయించిన మొదటి ఏడాది, పట్టే వలలు చూడగానే అవన్నీ మాయమయ్యాయి. మరుసటి ఏడాది వాటికి రోజూ అన్నం పెట్టే ఆడవాళ్ళను ముందు నడిపిస్తే, చాలా వరకు వాటంతట అవే వచ్చి నిలబడ్డాయి.

కరిచిన కుక్కను ఎవరూ కొట్టి చంపకుండా చూడండి. కరిచిన నాటి నుంచి పది రోజులు దాటినా అది ఆరోగ్యంగా ఉంటే, కరిచినప్పుడు దాని లాలాజలంలో వైరస్ లేనట్టే. ఆ సంగతి తేలేదాకా సూదులు మాత్రం ఆపవద్దు.