కొత్త ప్రోగ్రామింగ్ భాషకు రూపం, పేరు: మేనకోడలికి లేఖ

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. గుణుపురం హాస్టల్ నుంచి నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. బడిపిల్లల కోసం నువ్వూ నీ స్నేహితులూ చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారు చేయడం నాకెంతో సంతోషం. లోపలి ఇంజన్ గురించి నాకు బెంగ లేదు. బెంగంతా పైకి కనిపించే సింటాక్స్, అంటే రాత తీరు గురించీ, పెట్టబోయే పేరు గురించే.

షరతు మొదలైతే రెండు ప్రశ్నార్థకాలు, ముగిస్తే రెండు ఆశ్చర్యార్థకాలు, పదే పదే చేయవలసిన పనికి ఒక వంకర గీత పెట్టారు. కనిపెట్టినవాళ్లు కాబట్టి మీకు ముచ్చటగానే ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లకు మాత్రం అది లెక్కా కాదు, మాటా కాదు. అసలు పని మొదలుపెట్టక ముందే గుర్తుల దగ్గర అలసిపోతుంది.

ముందు ఒక్క సంగతి తేల్చుకో: ఈ భాష ఎవరికి తెలిసినట్టు ఉండాలి? 1995లో జావా అనే భాష వచ్చినప్పుడు దాని రూపం అంతకు ముందరి సీ, సీ ప్లస్ ప్లస్ భాషలు రాసేవారికి అలవాటైనదే. అవే ఫ్లవర్ బ్రాకెట్లు, అవే సెమీకోలన్లు. కొత్తదనమంతా లోపల ఉంది. అదే ఏడాది బ్రెండన్ ఐక్ బ్రౌజర్ కోసం జావాస్క్రిప్ట్ అనే భాష రాసినప్పుడు, స్కీమ్ అనే మరో భాష తరహాలో చేద్దామన్న ఆశతో వెళ్లినా, జావాలా కనిపించాలని ఆయన పనిచేసే సంస్థ పట్టుబట్టింది. ఎర్లాంగ్ అనే భాషది మరో కథ. టెలిఫోన్ వ్యవస్థల కోసం పుట్టిన గట్టి ఇంజన్, కానీ దాని రాత తీరు చాలామందికి కొత్త. జోసే వాలిమ్ అనే ఆయన అదే ఇంజన్ మీద, రూబీ భాషను తలపించే ఎలిక్సిర్ అనే కొత్త భాషను నిలబెట్టాక వెబ్ పని చేసేవాళ్లు ఎందరో అటు వచ్చారు.

అలాగని మీరు జావాను అనుకరించవద్దు. అది అప్పటికే ప్రోగ్రామింగ్ తెలిసినవారికి దారి. ఆండ్రియాస్ స్టెఫిక్, సుసన్నా సీబర్ట్ 2013లో ప్రచురించిన పరిశోధనలో, కొత్తగా నేర్చుకునేవారికి పెర్ల్, జావా భాషల తరహా సింటాక్స్, ఎలా పడితే అలా ఏరిన గుర్తులతో చేసిన భాషకన్నా చెప్పుకోదగినంత తేలిక కాలేదు. పైథాన్, రూబీ వంటి భాషలు మేలనిపించాయి. నీ పాఠకులు ఆ పిల్లలే కాబట్టి నువ్వు చూడవలసింది అటువైపు. పైథాన్‌లో షరతు చివర కోలన్ ఎందుకుందో తెలుసా? యంత్రానికి దానితో పెద్ద అవసరం లేదు. అంతకు ముందరి ఏబీసీ అనే భాషతో వచ్చిన అనుభవం వల్ల, చదివే కంటికి సాయంగా ఉంచారు. అంత చిన్న చుక్కల జంట మీద కూడా అంత శ్రద్ధ పెట్టారు! మీ రెండు ఆశ్చర్యార్థకాల మీద అలాంటి శ్రద్ధ పెట్టారా?

భాష ఆదరణకు సిద్ధంగా దొరికే లైబ్రరీలు (ఇతరులు ముందే రాసి పెట్టిన ప్రోగ్రాం భాగాలు), తోటివారి సాయం ఇంకా పెద్ద కారణాలు, ఒప్పుకుంటాను. కానీ అవి చూసేదాకా పిల్ల నిలవాలి కదా.

ఇక పేరు. 'వచన' అనుకుంటున్నామన్నావు. అర్థం బాగుంది, నాకు అభ్యంతరం ఉచ్చారణ దగ్గరే. మన పర్లాకిమిడి తరగతిలో సగం మంది ఒడియా పిల్లలు. వాళ్ల నోట అది 'బొచొనొ' అవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొందరు 'వి'తో, కొందరు 'బి'తో రాస్తారు. ఒకరు అడిగిన సందేహానికి వచ్చిన జవాబు మరొకరు వెతికితే దొరకదు. రెండు నోళ్లలోనూ ఒకేలా పలికే, ఒకేలా రాసే పేరు చూడు. మరీ మామూలు మాటా వద్దు. 2009లో వచ్చిన 'గో' భాష గురించి వెతకాలంటే జనం 'గోలాంగ్' అని కొట్టవలసి వస్తోంది. ఆ పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమో కూడా ముందే చూసుకో. జావా మొదటి పేరు ఓక్. అది అప్పటికే మరో సంస్థ ట్రేడ్‌మార్కు కావడంతో వదులుకున్నారు. పేరుపొందిన మరో భాష పేరును మన భాష పేరుకు తగిలించడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. జావాస్క్రిప్ట్‌కు ఆ పేరు ప్రచారం తెచ్చింది నిజమే, కానీ అది జావాలో భాగమనుకునే పిల్లలు నాకు ఇప్పటికీ ఎదురవుతూనే ఉన్నారు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. తెలుగు పిల్లల్నీ ఒడియా పిల్లల్నీ కలిపి కూర్చోబెడతాను. ఒక చిన్న ప్రోగ్రాం చూపించి, ఇది ఏం చేస్తుందో చెప్పమని అడుగు. వాళ్లు తడబడినా నువ్వు విప్పి చెప్పవద్దు. ఏ గుర్తు దగ్గర ఆగారో, దాన్ని ఏమని చదివారో మాత్రం రాసుకో. కాగితాలు అప్పుడు దిద్దుదాం.

మీ మామయ్య