చెట్ల ఆకుల పరీక్షతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతోంది. నాటువైద్యంలో వాడే చెట్ల ఆకుల్లో ఏ రసాయనాలున్నాయో కనిపెట్టే పనిలోకి వెళ్తానంటోంది. ఆ దారిలో ఉద్యోగాలుంటాయా అని మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: ఉంటాయండీ. కాకపోతే ఆకుల మీద ఇష్టం చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, పరికరాల మీద చెయ్యి తిరిగినవాళ్లకు ఇస్తారు. మూలికా మందులు, ఫార్మా, ఆహార పదార్థాలు, సౌందర్య సాధనాలు తయారుచేసే కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో ముందుగా అడిగేది హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) నడపడం వచ్చా, అదిచ్చే గ్రాఫ్ చదవడం వచ్చా అనే. అందుకే పీజీలో అనలిటికల్ గానీ ఆర్గానిక్ కెమిస్ట్రీ గానీ తీసుకోమనండి.

పని ఎలా ఉంటుందో కూడా మీకు తెలియాలి. ఆకుల్ని నీడన ఆరబెట్టి, పొడిచేసి, హెక్సేన్, ఇథైల్ అసిటేట్, మెథనాల్ వంటి ద్రావణులతో వరసగా సారం తీస్తారు. అందులో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ముదురు నీలానికో నల్లటి ఆకుపచ్చకో తిరిగిందంటే వగరు రుచినిచ్చే టానిన్ల వంటి ఫినాలిక్ పదార్థాలు ఉన్నట్టు. చాలామంది ప్రాజెక్టులు ఇక్కడే ఆగిపోతాయి, అదే నాకు బాధ. ఆ సారంలోంచి ఒక్కో పదార్థాన్ని విడదీసి, అణువు బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ, అణువులో పరమాణువుల అమరికను పసిగట్టే ఎన్‌ఎంఆర్‌లతో దాని నిర్మాణం తేల్చగలిగినవాళ్లకే గిరాకీ.

ఆ శ్రమ ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు మొదట పసిఫిక్ యూ (yew) అనే చెట్టు బెరడులో దొరికింది. దాని నిర్మాణం 1971లో వెలువడింది. కానీ బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. తర్వాత యూరప్‌ యూ చెట్టు ఆకుల్లో దాదాపు అలాంటి పదార్థమే ఉందని తేలింది. దాన్ని ల్యాబ్‌లో మందుగా మార్చారు. ఆకులు కోసినా చెట్టు మళ్లీ చిగురిస్తుంది.

మీ అమ్మాయికి గట్టిగా చెప్పాల్సినవి రెండున్నాయి. ఆకు ఏ చెట్టుదో వృక్షశాస్త్ర నిపుణులతో నిర్ధారించుకుని, నమూనాను హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు) భద్రపరచాలి. అది తప్పితే మిగతా పనంతా వృథా. ఫ్లేవనాయిడ్లు (మొక్కల్లో ఉండే ఒక రకం ఫినాలిక్ పదార్థాలు) కనిపించినంత మాత్రాన ఫలానా జబ్బు తగ్గుతుందని రాసేయకూడదు. రోగుల మీద ఆ సంగతి రుజువు చేయడం వేరే పని.

పీహెచ్‌డీ గురించి ఇప్పుడే తేల్చక్కర్లేదు. ముందు సెలవుల్లో ఏదైనా టెస్టింగ్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేయనివ్వండి. ఒకే నమూనాను రోజంతా మళ్లీ మళ్లీ పరీక్షించే ఓపిక తనకుందో లేదో అక్కడే తెలుస్తుంది.