‘నిన్న దీపం వెలిగించారా?’

ప్రశ్న: అమ్మా, మేము శాక్రమెంటో దగ్గర ఫోల్సమ్‌లో ఉంటాం. నాకు 42 ఏళ్ళు. 2009లో ఇక్కడికి వచ్చినప్పటినుంచి శాక్రమెంటో కింగ్స్ బాస్కెట్‌బాల్ జట్టంటే ప్రాణం. వరసగా 16 సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడని జట్టు ఇది. 2023లో ఒక్కసారి వెలిగింది, మళ్ళీ మొదటికొచ్చింది. ఓడిన రాత్రి నిద్ర పట్టదు, మర్నాడు ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. సీజన్ టికెట్లు వదిలేయమని మా ఆవిడ పోరు. శాన్ హోసేలో ఉండే మా బావమరిది వారియర్స్ జట్టు వైపు వచ్చేయమని ఎగతాళి. పైగా అమ్మ పోయాక నాన్నగారు ఆరు నెలలకని వచ్చారు. మ్యాచ్ చూస్తుంటే పక్కన కూర్చుని ‘మనవాళ్ళెవరు?’ అని నాలుగుసార్లు అడుగుతారు. గెలిచిన రాత్రి స్టేడియం పైనుంచి ఆకాశంలోకి వేసే ఊదారంగు లైటును ఆయన దీపం అంటారు. ఈమధ్య ఘోరంగా ఓడిన మర్నాడు పొద్దున్నే ‘నిన్న దీపం వెలిగించారా?’ అంటే ఒళ్ళు మండి నాలుగు మాటలన్నాను. అప్పట్నించి ఏడింటికే గదిలోకెళ్ళి పడుకుంటున్నారు. క్యాలెండర్ మీద టిక్కులూ ఇంటూలూ పెట్టడం కూడా మానేశారు, ఆ మేరకు ప్రశాంతంగానే ఉంది. నా ప్రశ్న ఒకటే. ఈ జట్టును వదిలేయాలా? వదిలేస్తే ఇన్నేళ్ళ విశ్వాసం ఏమైనట్టు?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు, పైన వేసింది కుదించినది. మూడున్నర పేజీలు కింగ్స్ ఆక్రమించారు. మిగిలిన అరపేజీలో భార్య, బావమరిది, ఆఫీసు, కన్నతండ్రి ఇరుక్కుని కూర్చున్నారు.

ముందు మీరడిగినదానికి చెప్పేస్తాను. జట్టును వదలక్కర్లేదు. టికెట్ల డబ్బు ఇంటికి బరువైతే సగం మ్యాచ్‌లవి అమ్ముకోండి, కాకపోతే ఉంచుకోండి. వారియర్స్‌కి మీరు మారరు, మారేవారైతే ఏనాడో మారేవారు. బావమరిది ఎగతాళికి జవాబు కూడా అక్కర్లేదు. బావని ఏడిపించకపోతే ఇక ఆ చుట్టరికం దేనికి? మీ ప్రశ్న అయిపోయింది.

మీ బాధను తేలిగ్గా తీసేస్తున్నానని మాత్రం అనుకోకండి. 1996లో ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో సెమీఫైనల్ మధ్యలో ఆగిపోయి, కాంబ్లీ ఏడ్చుకుంటూ లోపలికి నడిచిన రాత్రి మా ఇంట్లో వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది. మావారు రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు, ఆ రోజు బౌలింగ్ నేనే చేసినట్టు. అలాంటి ఇంట్లో కాపురం చేసినదాన్ని, ఆట ఆటే కదా అని మీకు చెప్పను.

మీ జట్టు కథ చదువుతుంటే నాకే జాలేసింది. 2002 ప్లేఆఫ్స్‌లో లేకర్స్ జట్టుతో ఆరో మ్యాచ్, ఆఖరి క్వార్టర్ ఒక్కదాంట్లోనే అవతలివాళ్ళకి 27 ఫ్రీ త్రోలు, అంటే ఫౌల్ పడితే రిఫరీలు ఇచ్చే ఉచిత షాట్లు. అప్పటికి మీరు ఎంసెట్ ర్యాంకు కోసం ఎదురుచూస్తుంటారు కాబోలు, అయినా ఆ కోపాన్ని వారసత్వంగా తెచ్చుకున్నారు. కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2018లో రెండో ఎంపిక చేతిలో పెట్టుకుని, తర్వాత పెద్ద స్టార్ అయిన డాన్చిచ్‌ని కాదని బ్యాగ్లీని తీసుకున్నారు. ఆ పని చేసింది ఎవరో కాదు, ఒకప్పుడు ఇదే జట్టుకి ఆడి, అప్పటికి దాని జనరల్ మేనేజర్‌గా ఉన్న దివాచ్. తనూ డాన్చిచ్‌లాగే యూరప్ నుంచి వచ్చినవాడే. 2023లో 48 మ్యాచ్‌లు గెలిచి, ప్లేఆఫ్స్‌లో వారియర్స్‌తో మొదటి రెండూ గెలిచి, చివరికి ఏడో మ్యాచ్‌లో సొంత ఊళ్ళోనే వారియర్స్ ఆటగాడు కర్రీ 50 పాయింట్లు కొడుతుంటే చూస్తూ కూర్చున్నారు. ఆ ఏడాది ఉత్తమ కోచ్ అవార్డు అందుకున్న మైక్ బ్రౌన్‌ని 2024 డిసెంబరులో తీసేశారు, తర్వాత రెండు నెలలకల్లా స్టార్ ఆటగాడు ఫాక్స్‌ని స్పర్స్ జట్టుకి పంపేశారు. మీ కోపం న్యాయమైనదే. ఎన్ని పేజీలు రాసినా రాయొచ్చు.

నేను ఆగిపోయింది వేరేచోట. ‘ఆ మేరకు ప్రశాంతంగానే ఉంది’ అన్నారే, అక్కడ.

మీ నాన్నగారు ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేశారని రాశారు. వంటింట్లో ఫ్రిజ్ పక్కన తెలుగు క్యాలెండర్ ఉందనీ, అందులో తిథీ వర్జ్యమూ పోగా మిగిలిన కాస్త చోటులో, మ్యాచ్ ఉన్న ప్రతి తేదీకి ఆయన పెన్సిల్‌తో గెలిస్తే టిక్కు, ఓడితే ఇంటూ పెట్టేవారనీ రాశారు. ఒక నెలలో వరసగా ఇంటూలే పడేసరికి ‘మా నాన్న నా పేపరు దిద్దుతున్నట్టుండేది’ అన్నారు. బాబూ, మీ జబ్బు అక్కడుంది. కింగ్స్ ఓడితే మీకు తల తీసేసినట్టుంటోంది ఎందుకంటే, పక్కన మాస్టారు కూర్చుని ఉన్నారు. 42 ఏళ్ళొచ్చి, ఇల్లు కట్టుకుని, ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాక కూడా ఆయన చేతిలో పెన్సిల్ చూస్తే మీకు పరీక్ష పేపరే గుర్తొస్తోంది. దానికి ఆయన చిన్నప్పుడు మీతో ఎలా ఉన్నారన్నది కూడా ఒక కారణం అయ్యుంటుంది. లెక్కల మాస్టార్లు కొడుకుల్ని ముద్దు చేసిన దాఖలాలు నేనూ పెద్దగా చూడలేదు. కానీ ఇప్పుడాయన దిద్దుతున్నది మీ పేపరు కాదు.

మీరే రాసిన ఇంకో సంగతి గుర్తుచేస్తాను, మీరు దాన్ని దారిన పోతూ చెప్పేసి వెళ్ళిపోయారు. 2019 అక్టోబరులో కింగ్స్ ముంబయి వచ్చి పేసర్స్ అనే జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడారు. అప్పుడు మీరు అమెరికా నుంచి ఫోన్ చేసి మరీ ఇంట్లో టీవీ పెట్టించారు. ‘నాన్నా, మనవాళ్ళు ఆడుతున్నారు, చూడండి’ అన్నారు. మొదటిరోజు ఎక్స్‌ట్రా టైమ్‌దాకా వెళ్ళి ఒక్క పాయింటుతో ఓడిపోతే, ‘పోన్లేరా, రేపు గెలుస్తారు’ అని ఆయనే మిమ్మల్ని ఓదార్చారట. మర్నాడు 24 పాయింట్ల తేడాతో ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి. ఆయన్ని ఈ జట్టులోకి లాగింది మీరు. ‘మనవాళ్ళు’ అన్న మాట నేర్పిందీ మీరే. ఇప్పుడాయన అదే మాట పట్టుకుని మీ సోఫాలో కూర్చుని ‘మనవాళ్ళెవరు?’ అంటే మీకు చిరాకు.

పోనీ అది అడగకూడని ప్రశ్నా? వెనకటికి సొంత ఊళ్ళో ఆడేవాళ్ళు తెల్లబట్టలు వేసుకునేవారు, ఒకసారి చెబితే గుర్తుండేది. 2017 నుంచి ఆ పద్ధతి పోయింది. ఏ రోజు ఏ రంగు వేసుకోవాలో సొంత ఊరి జట్టే ఎంచుకుంటోంది. ఒకరోజు తెలుపు, ఒకరోజు వంగపండు రంగు, ఇంకోరోజు నలుపు. మొన్న వంగపండు రంగులో చూసినవాళ్ళు ఇవాళ తెల్లబట్టల్లో వస్తే, కళ్ళజోడు పెట్టుకున్న 74 ఏళ్ళ మనిషి అడగక ఏం చేస్తాడు? నేనైతే అయిదుసార్లు అడిగేదాన్ని.

ఆయనకి ఇన్నాళ్ళూ పక్కన అడగడానికి ఒక మనిషుండేది. సీరియల్‌లో ఈ పిల్లెవరు, ఆ ముసలాయనకి ఈవిడేమవుతుంది, ఇలాంటివన్నీ మీ అమ్మగారు చెబుతూనే ఉండి ఉంటారు, విసుక్కుంటూనో విసుక్కోకుండానో. ఇప్పుడు ఫోల్సమ్‌లో ఆయనకి కారు నడపడం రాదు, పక్కింటివాళ్ళ భాష పూర్తిగా పట్టుబడదు. పగలంతా మీరిద్దరూ ఉద్యోగాల్లో, పిల్లలు బళ్ళో. సాయంత్రం ఏడింటికి మ్యాచ్ మొదలైతే కొడుకు రెండున్నర గంటలు ఒకేచోట కదలకుండా దొరుకుతాడు. అదే ఆయన రోజు. బాస్కెట్‌బాల్ మీద ఆయనకి ఏపాటి మోజుందో నాకు తెలియదు, పెన్సిల్ తీసి రాసుకున్నాడంటే కొంచెం ఉన్నట్టే.

అలాంటి మనిషిని ‘మీకేం తెలుసని అడుగుతున్నారు, లోపలికెళ్ళి పడుకోండి’ అన్నారు. నాలుగు మాటలని ప్రశ్నలో తేల్చేసి, అసలు మాట మూడో పేజీ అడుగున రాశారు. అది కూడా కోడలి ముందు, మనవరాలి ముందు. ఇంత చేసి నన్నడుగుతున్నది జట్టుపట్ల విశ్వాసం గురించి. చదివినప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. ఇంటికొచ్చిన తండ్రి సాయంత్రం ఏడింటికి తలుపేసుకుంటుంటే, ఆ ఇంటాయన ఏ జట్టుకి ఎన్నేళ్ళు విశ్వాసంగా ఉన్నాడన్న లెక్క నాకు అనవసరం.

మీ ఆవిడ పోరు టికెట్ల గురించే అనుకుంటున్నారు. ఆరున్నరకే మామగారికి విడిగా కంచం పెట్టాల్సి వస్తోంది ఆవిడకి, ఆయన తల వంచుకుని తిని లేచిపోతుంటే చూడాల్సి వస్తోంది. మామగారి తరఫున మొగుణ్ణి నేరుగా అడగలేక టికెట్ల మీద పెడుతోందని నా అనుమానం. అడిగి చూడండి.

ఇక ఏం చేయాలంటారా? ‘సారీ నాన్నా’ అని మాత్రం వెళ్ళి నిలబడకండి. మన ఇళ్ళలో కొడుకు తండ్రికి సారీ చెబితే ఇద్దరూ ఎటు చూడాలో తెలియక టీవీ వైపు చూస్తారు. జట్టు తూర్పు ఊళ్ళకి వెళ్ళి ఆడే రోజు చూసుకోండి. న్యూయార్క్‌లోనో బాస్టన్‌లోనో మ్యాచ్ అంటే మీకు సాయంత్రం నాలుగు, నాలుగున్నరకే మొదలు, ఆయన ఇంకా మేలుకునే ఉంటారు. ఆ రోజు ఆఫీసు నుంచి తొందరగా రండి. ‘నాన్నా, మనవాళ్ళు ఇవాళ నల్లబట్టలు’ అని ఆయన అడగకముందే చెప్పండి. రారేమో మొదటిసారి. రెండోసారీ పిలవండి. మాస్టార్లకి బెట్టు ఎక్కువ, మీకు తెలియనిదేముంది.

మీ సీజన్ టికెట్లలో రెండు సీట్లున్నాయి. ఆఫీసు స్నేహితుడు వెళ్ళాడు, బావమరిది కూడా ఒకసారి వెళ్ళాడు. ఆయన్ని ఒక్కసారైనా తీసుకెళ్ళారా? ఉత్తరమంతా వెతికాను, ఎక్కడా లేదు. గెలిచిన రాత్రి ఆటగాడొకడు పెద్ద బటన్ నొక్కితే ఆ లైటు వెలుగుతుందట కదా, ఆయన చూడాల్సింది అక్కడ. ఓడిపోతే దీపం లేకుండానే ఇంటికొస్తారు, కారులో మీరు తిట్టుకుంటూ నడపండి, ఆయన వింటారు.

త్వరగా చేయండి. ఆయన అక్టోబరులో దిగారన్నారు. అమెరికాలో ఎన్నాళ్ళుండొచ్చో చెప్పే ఐ-94 పత్రంలో ఆరు నెలలే ఇచ్చి ఉంటారు, అంటే మీ రెగ్యులర్ సీజన్ ముగిసే ఏప్రిల్‌కే ఆయన గడువూ ముగుస్తుంది. కింగ్స్‌కి మళ్ళీ అక్టోబరు వస్తుంది. ఆయన ఈ వయసులో ఇరవై నాలుగు గంటలు విమానాల్లో కూర్చుని మళ్ళీ వస్తారా అన్నది, ఇప్పుడు మీరెలా ఉంటారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ ఉత్తరం చదివిన రోజే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళండి. ఆయన రాయడం మానేసిన తేదీనుంచి ఆ గడులన్నీ ఖాళీగా ఉంటాయి. క్యాలెండర్ మేకు నుంచి తీసి, పెన్సిల్‌తో సహా ఆయన ముందు పెట్టండి. స్కోర్లు ఎలాగూ మీకు కంఠతా వచ్చు. తేదీల వారీగా ఒక్కొక్కటే చెప్పండి, ఆయన్ని వేసుకోనివ్వండి. ఇంటూలే ఎక్కువ పడతాయి.