చల్ల మజ్జిగ తాగితే పన్ను జివ్వుమంటోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 41 ఏళ్ళు, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఏడాదిగా ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ తాగినా, మామిడికాయ ముక్క కొరికినా ఎడమవైపు పై పళ్ళు జివ్వుమంటున్నాయి. పుచ్చు ఏమీ కనబడటం లేదు. టీవీలో చూపించే సెన్సిటివిటీ పేస్టు వారం వాడి, గుణం లేదని మానేశాను. గట్టి బ్రష్‌తో, పేస్టు మీద ఎర్ర పళ్ళపొడి కూడా వేసి, పూటకు ఐదు నిమిషాలు బాగా తోముతాను. అత్తయ్య లవంగనూనె రాయమంటున్నారు. పళ్ళు తీయించుకోవాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, పళ్ళు తీయించుకునే మాట ఇప్పుడే వద్దు. మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే, శుభ్రం కోసం పడుతున్న ఆ కష్టమే పళ్ళను అరగదీస్తోందని నా అనుమానం. కుడిచేత్తో తోముకునేవాళ్ళకు ఎడమవైపు పై పళ్ళ మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది, అక్కడే చిగురు పైకి జరిగి పన్ను మొదలు బయటపడటం మేం తరచూ చూస్తుంటాం. అద్దంలో చూసి, చిగురు అంచున గోటితో మెల్లగా రాయండి, గాడిలా తగులుతుందేమో.

ఎనామిల్ కవచం పన్ను పైభాగానికే ఉంటుంది, చిగురు కింద దాగే వేరుకు ఉండదు. ఎనామిల్ అరిగినా, వేరు బయటపడినా లోపలి డెంటిన్ పొర తేలుతుంది. అందులో గుండుసూది తలంత చోట వేలకొద్దీ సన్నని గొట్టాలు, వాటి నిండా ద్రవం. చల్లదనం తగలగానే ఆ ద్రవం కదులుతుంది, లోపలి నరం ఉలిక్కిపడుతుంది. స్వీడన్ దంతవైద్యుడు బ్రాన్‌స్ట్రామ్ 1960ల్లో చెప్పిన ఈ వివరణనే ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకుంటారు. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదమ్మా, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

ఈ రోజే పళ్ళపొడి ఆపేయండి. మెత్తటి బ్రష్ కొని, పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకుని రెండు నిమిషాలు తోమండి చాలు. పేస్టు మళ్ళీ మొదలుపెట్టండి, వారం సరిపోదు. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు నరాన్ని నెమ్మదింపజేస్తుంది, కానీ రోజుకు రెండుసార్లు వాడినా పూర్తి గుణం తెలియడానికి నాలుగు వారాల దాకా పడుతుంది. ఆర్జినైన్, స్టానస్ ఫ్లోరైడ్ ఉన్నవి ఆ గొట్టాల మూతులు పూడుస్తాయి. తోమాక నురగ ఉమ్మేయండి, పుక్కిళ్ళ మీద పుక్కిళ్ళు పట్టి మందంతా కడిగేయకండి.

మామిడికాయ తినొద్దని నేననను, ఆవకాయ రోజుల్లో ఆ మాట ఎవరు వింటారు! పులుపు తిన్నాక మామూలు నీళ్ళతో పుక్కిలించి, గంట ఆగి తోముకోండి, ఎందుకంటే పులుపుకు ఎనామిల్ పైపొర కాసేపు మెత్తబడుతుంది, అప్పుడే బ్రష్ పెడితే ఇంకా అరుగుతుంది. బరువు తగ్గాలని పొద్దున్నే నిమ్మరసం తాగి వెంటనే పళ్ళు తోముకునేవాళ్ళు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

లవంగనూనె కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, అంతే. నేరుగా రాస్తే చిగురు కాలుతుంది కూడా, అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి.

జివ్వుమన్నది క్షణాల్లో తగ్గిపోతోందా, లేదా అన్నది గమనించండి. నిమిషాల తరబడి లాగినా, వేడికి కూడా నొప్పి వచ్చినా, ఏమీ తినకుండానే రాత్రి నిద్ర లేపినా, కొరికి వదిలినప్పుడు చురుక్కుమన్నా పేస్టుతో కాలం గడపకుండా ఆ వారమే డాక్టరుకు చూపించండి, లోపలి నరం వాచి ఉండొచ్చు, పన్ను చిట్లి ఉండొచ్చు. అవేవీ లేకపోయినా, నాలుగు వారాల్లో తగ్గకపోతే వెళ్ళండి. గాడి పడితే పంటి రంగు ఫిల్లింగ్‌తో పూడుస్తారు, లేదంటే ఫ్లోరైడ్ పూత వేస్తారు.

ప్రశ్న: పళ్ళు క్లీనింగ్ చేయించుకుని నాలుగు రోజులైంది. అప్పట్నుంచి మంచినీళ్ళకే జిల్లుమంటున్నాయి, ఎనామిల్ గీకేశారా? - ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: లేదండి. ఇన్నాళ్ళూ గార కప్పి ఉంచిన వేరు ఇప్పుడు బయటపడింది, చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. అంతవరకు ఐస్ నీళ్ళు మానండి, పైన చెప్పిన పేస్టే రాత్రి పడుకునే ముందు వేలితో ఆ పళ్ళ మొదట రాసి వదిలేయండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే క్లీనింగ్ చేసిన డాక్టరుకే మళ్ళీ చూపించండి.